ఊదా కంకుల ఫౌంటెన్ గడ్డి: రాయలసీమ తోటల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం శివార్లలోని మా నర్సరీలో అమ్మే అలంకరణ గడ్డి ఇది. ప్రపంచానికి కొత్తది కాదు, చాలా దేశాల తోటల్లో ఎప్పటినుంచో ఉంది. మన ఊళ్ళకే కొత్త. అందుకే అమ్మడానికి ముందు మూడు వేసవులు మా సొంత మడుల్లో పెంచి చూశాం. కొనడానికి వచ్చినవారు, చూసి వెళ్ళినవారు, ఫోను చేసినవారు అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కర్నూలు, కడప వైపు నుంచి అడిగినవారి కోసం అక్కడి నేలల సంగతి కూడా చేర్చాను.

ఇది ఏ గడ్డి? అసలు పేరు ఏమిటి?

నర్సరీల వారు పర్పుల్ ఫౌంటెన్ గ్రాస్ అంటారు, కొందరు ఎర్ర పెన్నిసెటమ్ అంటారు. శాస్త్రీయ నామం పెన్నిసెటమ్ సెటేసియం, అందులో రూబ్రమ్ అనే రకం. దీన్ని పెన్నిసెటమ్ అడ్వెనా అనాలని చెప్పే వృక్షశాస్త్రజ్ఞులు ఉన్నారు. పెన్నిసెటమ్ మొత్తాన్నీ మరో గడ్డి ప్రజాతి అయిన సెంక్రస్‌లో కలిపినవారూ ఉన్నారు. లేబుల్ మీద వీటిలో ఏది ఉన్నా కంగారు పడకండి, రూబ్రమ్ అనే మాట ఉందో లేదో చూడండి.

పేర్ల కన్నా సులువైన గుర్తు ఒకటి మన దగ్గరే ఉంది. సజ్జ చేను చూసినవారికి ఈ గడ్డి కొత్తగా అనిపించదు. సజ్జ కూడా పెన్నిసెటమే, రెండూ దగ్గరి చుట్టాలు. సజ్జ కంకి గట్టిగా, గింజలు బిగిసి ఉంటుంది. దీని కంకి మెత్తగా, ఉడుత తోకలా ఉంటుంది, జానెడు మించి పొడవు వస్తుంది. పొట్ట విప్పి బయటికి వచ్చిన రోజు నేరేడుపండు రంగులో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ గులాబీ రంగుకు దిగి, చివరికి గడ్డివాము రంగుకు వస్తుంది. ఒకే దుబ్బులో ఈ మూడు రంగుల కంకులూ కలిసి ఊగుతుంటే చూడాలి. ఆకు సన్నగా, పొడవుగా, ముదురు ఊదా రంగులో ఉండి అన్ని వైపులకూ వంగుతుంది. ఫౌంటెన్ అన్న పేరు ఆ వంపు చూసి పెట్టిందే. కంకులతో కలిపి మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తు వస్తుంది.

గడ్డికి డబ్బు పెట్టి కొనాలా? లాన్ వేసుకుంటే సరిపోదా?

అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే. నేను జవాబు నీళ్ళతో మొదలుపెడతాను.

అనంతపురంలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంటి ముందు 100 చదరపు మీటర్ల పచ్చిక, అంటే రెండున్నర సెంట్లు, పరిచారనుకోండి. వేసవిలో అది పచ్చగా ఉండాలంటే రోజుకు కనీసం 5 మిల్లీమీటర్ల తడి కావాలి. లెక్క కడితే రోజుకు 500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు పది రోజులకు అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వీధిలో బిందెలు వరుసలో ఉండగా పచ్చికకు పైపు పట్టుకొని నిలబడడం నాకు మనసొప్పదు.

అదే స్థలంలో 30 దుబ్బులు పెట్టి, మిగతా చోట కంకర పరిచారనుకోండి. వేళ్ళు పట్టిన దుబ్బుకు ఎండాకాలంలో వారానికి రెండుసార్లు ఎనిమిదేసి లీటర్లు పోస్తే చాలు. మొత్తం వారానికి 480 లీటర్లు. పచ్చిక ఒక్క రోజు తాగే నీళ్ళతో ఈ దుబ్బులు వారం గడుపుతాయి.

పిల్లలు ఆడుకోవడానికి నేల కావాలంటే మాత్రం ఇది పనికిరాదు. దీని మీద నడవలేరు, కూర్చోలేరు. చిన్న పచ్చిక ముక్క ఉంచుకొని, చుట్టూ ఈ దుబ్బులు పెట్టుకోండి.

గరికలా, తుంగలా తోటంతా పాకుతుందా?

పాకదు. గరికకు నేల మీద పాకే తీగ ఉంది, తుంగకు భూమిలో గడ్డ ఉంది. దీనికి రెండూ లేవు. నాటిన చోటే పిలకలు వేస్తూ దుబ్బు లావవుతుంది.

గింజలు రాలి ఊరంతా మొలిస్తే?

ఈ ప్రశ్న అడిగినవారికి నమస్కారం. అమ్మేవాడు తనంతట తాను చెప్పాల్సిన సంగతి ఇది.

ఫౌంటెన్ గడ్డిలో మామూలు ఆకుపచ్చ రకం ఉంది. ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా దాని పుట్టినిల్లు. అందంగా ఉంటుందని తోటల్లో పెడితే హవాయి దీవుల్లో, అమెరికాలోని కాలిఫోర్నియా, అరిజోనాల్లో తోట దాటి కొండలకు ఎక్కింది. దాని గింజకు ఈకలాంటి కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. ఎండిన దుబ్బు నిప్పును ఎత్తుకుంటుంది. మంట పోయాక మళ్ళీ మొదట చిగురించేదీ అదే. అలా అక్కడి సొంత మొక్కల చోటును ఆక్రమించింది.

మన దగ్గర ఇలాంటి కథ వేరే చెప్పాల్సిన పని లేదు. సర్కారు తుమ్మ మధ్య, దక్షిణ అమెరికాల వైపు నుంచి వచ్చిన చెట్టు. మన దేశంలో మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి, ఏడాది 1877. వంటచెరకు కొరత తీరుతుందని మంచి మనసుతోనే నాటారు. ఈ రోజు చెరువు గట్టు, వాగు, బీడు, రైలుకట్ట, ఎక్కడ చూసినా అదే. ఆ కంప నరికి నరికి చేతులు బొబ్బలెక్కిన రైతులు మా నర్సరీకి వస్తుంటారు. వారి ముందు నిలబడి అలా వ్యాపించే ఇంకో మొక్కను అమ్మలేను.

ఊదా రకం అలాంటిది కాదు. దానికి కంకులు వస్తాయి గాని దాదాపుగా మొలిచే గింజ పట్టదు. మా మడుల చుట్టూ మూడేళ్ళు వెతికాను, ఒక్క మొలక కూడా కనిపించలేదు. దుబ్బు విడదీసి పిలకలతోనే దీన్ని పెంచాలి. అందుకే మేము ఈ ఒక్క రకాన్నే ఉంచాం, ఆకుపచ్చ రకం అడిగినా తెప్పించం.

ఇంత జాగ్రత్త పడినా ఒక్క చోట మాత్రం వద్దంటాను. కర్నూలు దిగువన రోళ్ళపాడు దగ్గర గడ్డిమైదానాలు ఉన్నాయి. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు అది. అక్కడి గడ్డి అక్కడి పక్షులదీ జింకలదీ. ఆ చుట్టుపక్కల పొలాల్లో బయటి గడ్డి ఏదీ, ఇదైనా సరే, పెట్టకండి.

ఆన్‌లైన్‌లో ఊదా ఫౌంటెన్ గడ్డి గింజల పొట్లం చూశాను. తెప్పించుకోవచ్చా?

వద్దు. గింజ పట్టని రకానికి గింజల పొట్లం ఎలా వస్తుంది? నేనూ ఒకసారి తెప్పించి మొలకెత్తించాను. ఆకుపచ్చ దుబ్బులు వచ్చాయి. కంకి పొట్టలో ఉండగానే అన్నీ పీకి కాల్చేశాను. మొక్కగానే కొనండి, ఆకు ఊదాగా ఉన్నదే కొనండి.

ఎప్పుడు నాటాలి? ఎలా నాటాలి?

ఏరువాక వచ్చిందని జూన్‌లోనే తొందరపడకండి. అనంతపురంలో వానలు గట్టిగా పడేది సెప్టెంబరులో, అక్టోబరులో. ఆగస్టు చివర నాటితే ఆ వానలకు వేళ్ళు దిగి, వచ్చే వేసవికి మొక్క నిలదొక్కుకుంటుంది. సంక్రాంతి దాకా నాటినా ఫరవాలేదు, నీళ్ళు మీరు చూసుకోవాలి. మార్చి నుంచి మే వరకు వద్దు.

నాటే ముందు ఒక సంగతి గమనించండి. మన ఊళ్ళలో అమ్మే మొక్కల్లో చాలావరకు గోదావరి ఒడ్డున కడియం నుంచి లారీల మీద వస్తాయి. వేళ్ళ చుట్టూ ఉండేది అక్కడి ఒండ్రు మట్టి. ఆ తేమ గాలిలో ఆ మట్టి అమృతం. దాన్ని అలాగే తెచ్చి మన గులక ఎర్రనేలలో పెడితే వారం రోజుల్లో ఎండి ఇటుకలా బిగుసుకుంటుంది. పోసిన నీళ్ళు ఆ ముద్దలోకి దిగవు, పక్కనుంచి వదులు నేలలోకి జారిపోతాయి. రోజూ నీళ్ళు పోస్తున్నా మొక్క ఎందుకు ఎండిందో తెలియక బాధపడతారు. మా మొదటి ఏడాది మొక్కలు సగం ఇలాగే పోయాయి. ఒకదాన్ని తవ్వి తీస్తే చుట్టూ నేల తడిగానే ఉంది. మట్టి ముద్దను రాయి మీద కొడితే రెండుగా పగిలింది, లోపల పొడి దుమ్ము. పాలిపోయిన వేళ్ళు ఆ ముద్ద దాటి ఒక్క అంగుళం కూడా బయటికి రాలేదు.

అప్పటినుంచి ఇలా చేస్తున్నాం. కవరు తీసి, ముద్దను అరగంట బకెట్ నీళ్ళలో ఉంచుతాం. మెత్తబడ్డాక వేళ్ళు తెగకుండా చేతివేళ్ళతో నిమిరి సగం మట్టి కడిగేస్తాం. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి, తవ్విన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ళ వేపపిండి కలిపి నాటుతాం. చెదలు మన ఎర్రనేలల్లో తప్పవు, వేపపిండి అందుకే. పిలకల మొదలు నేలమట్టానికి ఉండాలి, లోతుగా పూడ్చకండి, కుళ్ళుతుంది. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు వదలండి. మొదట బోసిగా ఉందనిపిస్తుంది. ఏడాదికి దుబ్బులు ఒకదాన్నొకటి తాకుతాయి.

మాది ప్రొద్దుటూరు, నల్లరేగడి. వస్తుందా?

వస్తుంది, కానీ నేలమట్టంలో పెట్టకండి. నల్లరేగడి వానాకాలంలో నీళ్ళు నిలబెట్టుకుంటుంది, వేసవిలో నెర్రెలిచ్చి వేళ్ళను తెంచుతుంది. ఈ గడ్డికి రెండూ గిట్టవు, ముఖ్యంగా నీళ్ళు నిలవడం. అడుగు ఎత్తున మట్టి కట్ట పోసి, పశువుల ఎరువు బాగా కలిపి, దాని మీద నాటండి. నెర్రెలు పడకుండా దుబ్బు మొదలు చుట్టూ వేరుశనగ పొట్టు పరచండి. నంద్యాల, జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు వారికీ ఇదే చెబుతాను.

బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఆకు కొసలు మాడుతున్నాయి, తెగులా?

తెగులు కాదు. మన బోర్ల నీళ్ళలో లవణాలు ఎక్కువ. అవి వేళ్ళ దగ్గర పేరుకుంటే ఆకు కొస నుంచి లోపలికి గోధుమ రంగు దిగుతుంది. రోజూ కొంచెం కొంచెం పోయడం వల్ల ఇది పెరుగుతుంది. నీళ్ళు పైపైన ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. వారానికి రెండుసార్లే పోయండి, పోసినప్పుడు అడుగు లోతు దిగేలా పోయండి. పాదులో తెల్లని పొర కనిపిస్తే వేరుశనగకు వేసే జిప్సమే దుబ్బుకు ఒక గుప్పెడు చల్లి, మట్టిలో కలిపి, నిండా నీళ్ళు పెట్టండి. ఒక మంచి వాన పడితే ఆ ఉప్పు కిందికి కడిగేసుకుపోతుంది. మా మడుల్లో సెప్టెంబరు వానల తరవాత వచ్చే ఆకులు కొస దాకా శుభ్రంగా ఉంటాయి.

మొదటి రెండు నెలలు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వేళ్ళు దిగేదాకా రోజు విడిచి రోజు నీళ్ళు తప్పవు.

మీ దగ్గర ఊదాగా ఉంది, మా ఇంట్లో పచ్చబడింది. ఎందుకు?

నీడ. ఆకులో ఊదా రంగు తెచ్చేది ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం, నేరేడుపండులో ఉన్న జాతిదే. ఎండ బాగా తగిలితేనే అది ఆకులో నిండుగా తయారవుతుంది. వేపచెట్టు కింద, ప్రహరీ నీడన పెడితే ఆకు పచ్చబడుతుంది, దుబ్బు వాలిపోతుంది, కంకులు తగ్గుతాయి. రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. మన మే నెల ఎండకు మాడదా అంటారు. సజ్జ, జొన్న, చెరకు ఎలా కాంతిని వాడుకుంటాయో ఇదీ అలాగే వాడుకుంటుంది, వేడికి పుట్టిన జాతి. మధ్యాహ్నం ఆకు చుట్టుకుంటుంది, అది నీరు దాచుకునే పద్ధతి. సాయంత్రానికి విప్పుకుంటే భయం లేదు. పొద్దున కూడా చుట్టుకొనే ఉంటే నీళ్ళు చాలలేదని అర్థం.

యూరియా వేసినవారి తోటలోనూ ఇదే పచ్చదనం చూశాను. నత్రజని ఎక్కువైతే ఆకు విపరీతంగా పెరిగి రంగు చెడుతుంది, నిలబడలేక పడిపోతుంది. ఏడాదికి ఒకసారి, కోత అయ్యాక, దుబ్బుకు రెండు దోసిళ్ళ పశువుల ఎరువు చాలు. ఇంకేమీ వద్దు.

దుబ్బుల్లో పాములు చేరవా?

చేరే అవకాశం లేదని చెప్పను. ఏ గుబురైనా చల్లగా ఉంటుంది, ఎలుకలు ఉంటే పాము వస్తుంది. గడప పక్కన, పిల్లలు చెప్పులు విడిచే చోట, నడిచే దారిని ఆనుకొని పెట్టకండి. కనీసం ఆరడుగులు ఎడం ఉంచండి. దుబ్బు కింద ఎండుటాకు పేరుకోనివ్వకుండా, నేల కనిపించేలా గులక పరచండి. ధాన్యం, కోళ్ళ దాణా నిలవచేసే గది దగ్గర అసలే వద్దు. శుభ్రం చేసేటప్పుడు చెయ్యి పెట్టే ముందు కర్రతో దుబ్బును తట్టండి.

మేకలు తింటాయా? పెంపుడు కుక్కకు ప్రమాదమా?

విషం కాదు. కోసిన తరవాత వచ్చే లేత చిగురును మేక వదలదు, ప్రహరీ లేని ఇళ్ళవారు ముళ్ళకంచె వేసుకోవాలి. ముదిరిన ఆకును పెద్దగా ముట్టవు.

కుండీలో పెంచవచ్చా?

పెంచవచ్చు, మేడ మీద చాలా బాగుంటుంది. 14 అంగుళాలకు తగ్గని కుండీ తీసుకోండి. మట్టి కుండీ మంచిది, నల్ల ప్లాస్టిక్ మన ఎండకు వేడెక్కి వేళ్ళను ఉడికిస్తుంది. గాలికి కుండీ పడిపోకుండా అడుగున గుండ్రాళ్ళు వేసి బరువు పెంచకండి, నీరు దిగే తీరు చెడుతుంది. బరువు కావాలంటే కుండీనే బరువైనది కొనండి. కుండీలోని మొక్కకు వేసవిలో రోజూ నీళ్ళు కావాలి, నేలలో ఉన్నదానితో పోల్చవద్దు.

ఎప్పుడు కోయాలి?

శివరాత్రికీ ఉగాదికీ మధ్య. చలికాలంలో మన దగ్గర దుబ్బు చావదు గాని ఎదుగుదల ఆగి, ఆకు గడ్డిరంగుకు తిరుగుతుంది. ఎండు దుబ్బును వేసవిలోకి నిలబెట్టుకోకండి, ఒక బీడీ ముక్క చాలు.

కోత ఎలాగంటే, ముందు పురికొసతో దుబ్బును నడుము ఎత్తున బిగించి కట్టండి, జొన్నచొప్ప కట్ట కట్టినట్టు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఆకు అంచు గరుకుగా ఉండి చర్మాన్ని గీస్తుంది. పదునైన కొడవలితో నేలకు జానెడు ఎత్తున కోయండి. కట్ట కట్టినట్టే చేతికి వస్తుంది, ఒక్క పరక కింద పడదు. అంతకన్నా కిందికి కోస్తే పిలకల మొదళ్ళు దెబ్బతింటాయి. వెంటనే నిండుగా నీళ్ళు పెట్టండి. పది పదిహేను రోజులకు మొదళ్ళలో సూదుల్లా ఊదా మొలకలు పొడుచుకు వస్తాయి. కోసిన గడ్డిని మామిడి, నిమ్మ పాదుల్లో పరచండి.

కంకులను మాత్రం అన్నీ ఒకేసారి కోయకండి. మా దగ్గర పిచ్చుకలు ముదిరిన కంకి మీద వాలి, కుచ్చు పీకి గూటికి తీసుకుపోతున్నాయి.

మన సొంత గడ్డిలో ఇంత అందమైనవి లేవా?

ఉన్నాయి, అడిగితే వాటినే ముందు చూపిస్తాను. వాలుగా ఉన్న స్థలానికి, గట్టు కోతకు వట్టివేరును మించింది లేదు. వేరు మూడు మీటర్ల లోతుకు కూడా దిగుతుంది, సాగులో ఉన్న దక్షిణ భారత రకాలు గింజతో వ్యాపించవు. నిమ్మగడ్డి ఇంటి వెనక పెడితే కషాయానికి పనికొస్తుంది. దర్భ పూజకు కావాలని పెట్టుకునేవారు ఉన్నారు, కానీ అది నేల లోపల పాకుతుంది, సిమెంటు తొట్టిలోనే ఉంచాలి. రెల్లు పూత తెల్లగా విరబూస్తే కన్ను తిప్పుకోలేం. అయినా అది పెన్నా ఒడ్డున, తుంగభద్ర ఇసుకలో ఉండాల్సింది, ఇంటి తోటను మింగేస్తుంది.

సజ్జలోనూ అలంకరణ రకాలు ఉన్నాయి. అమెరికాలో పర్పుల్ మెజెస్టీ అనే నల్ల ఊదా ఆకుల సజ్జకు 2003లో అక్కడి ఆల్ అమెరికా సెలెక్షన్స్ బంగారు పతకం వచ్చింది. మన తాతలు అంబలి కాచుకున్న పంట అక్కడ పూలకుండీలో రాణిగా నిలిచింది. అది ఏడాది మొక్క, ప్రతిసారీ విత్తుకోవాలి.

ఊదా ఆకు ఏటా మళ్ళీ విత్తకుండానే రావాలి, పాకకూడదు, గింజ రాలకూడదు, నీళ్ళు తక్కువ తాగాలి అంటే మాత్రం నాకు ఈ ఫౌంటెన్ గడ్డే కనిపించింది.

మూడేళ్ళకు దుబ్బు నడుమ ఎండిపోయి గుండ్రంగా బోసిపోయింది. పీకేయాలా?

పీకవద్దు, విడదీయండి. పిలకలు బయటి వైపుకు వేస్తూ పోతాయి కాబట్టి పాత నడుము ముదిరి ఎండుతుంది. వానలు పడ్డాక, ఆగస్టులో, ఆకును జానెడుకు కోసి గడ్డపారతో చుట్టూ తవ్వి దుబ్బును పైకి లేపండి. పెద్ద దుబ్బును ఒకరు లేపలేరు, ఇద్దరు కావాలి. బోర్లించి పారతో నాలుగు ముక్కలుగా కొట్టండి. ఎండిన నడుమును పారేసి, ఒక్కో ముక్కలో పది పన్నెండు పచ్చి పిలకలు, వాటికి తెల్లని వేళ్ళు ఉండేలా చూసుకోండి. ఎండలో ఉంచకుండా తడి గోనెసంచి కప్పి, ఆ సాయంత్రమే నాటండి.

ఒక దుబ్బుకు నాలుగు వస్తాయి. మీకు ఒకటి చాలు. మిగిలినవి అమ్ముకోవాలా, పంచాలా అని చాలామంది అడుగుతారు. పక్కింటి వారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఆరు గంటల ఎండ, వారానికి రెండు తడులు అన్న రెండు మాటలూ చెప్పి ఇవ్వండి. మా దగ్గర కొన్నవారు నాకు మొక్కలు తెచ్చి ఇచ్చిన రోజులూ ఉన్నాయి. గేటు దగ్గర ఎడమ వైపు ఉన్న మూడు దుబ్బులు అలా వచ్చినవే.